డబ్లిన్ పబ్బుల్లో రచయితల వెంట



ఇవాళ్టి ప్రసంగం పబ్బుల గురించి. పక్కగదిలో పెద్దవాళ్లున్నారని రేడియో గొంతు తగ్గించనక్కర్లేదు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో పబ్బుకు తాతలూ వస్తారు, పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులూ వస్తారు. పదిహేనేళ్లలోపు పిల్లలు పెద్దవాళ్ల తోడుంటే రాత్రి తొమ్మిది దాకా, వేసవి నెలల్లో పది దాకా లోపల ఉండొచ్చని అక్కడి చట్టమే చెబుతుంది. హైదరాబాదులో పబ్ అనగానే గుర్తొచ్చే చీకటి, డీజే మోత, గుమ్మం దగ్గర కండలు తిరిగిన కాపలావాళ్లు అక్కడి పాత పబ్బుల్లో కనిపించరు. నల్లబడిన చెక్క బల్లలు, ఇత్తడి కడ్డీలు, గోడలనిండా పాత ఫొటోలు. వాటన్నిటికీ మించి మాటలు. పేరుమోసిన కొన్ని పబ్బుల్లో టీవీ పెట్టరు, పాటలు వేయరు. అక్కడికి జనం వచ్చేది కబుర్లకే.

అలాంటి పబ్బుల గుండా మనల్ని తిప్పుతూ సాహిత్యం చెప్పే నడక ఒకటి 1988 నుంచి నడుస్తోంది. డ్యూక్ స్ట్రీట్‌లో ‘ద డ్యూక్’ అనే పబ్బు మేడమీద సాయంత్రం ఏడున్నరకు మొదలవుతుంది. టికెట్టు కొనుక్కోవాలి. తాగేదానికి ఎవరి డబ్బు వాళ్లదే. మొత్తం రెండుంబావు గంటలు, దారిలో నాలుగు పబ్బులు. నడిపించేవాళ్లు ఇద్దరు, ఇద్దరూ రంగస్థల నటులే. ఒకరు కథ ఎత్తుకుంటే రెండోవారు అడ్డు తగులుతారు, ఎకసెక్కమాడతారు, ఉన్నట్టుండి పాట అందుకుంటారు. నాకైతే మన బుర్రకథలో హాస్యం చెప్పే వంతగాడు కళ్లముందు కదిలాడు.

మొదట వాళ్లు నెత్తిన గుండ్రటి టోపీలు పెట్టుకుని శామ్యూల్ బెకెట్ నాటకం ‘వెయిటింగ్ ఫర్ గోడో’లో ఒక ముక్క ఆడతారు. ఇద్దరు దేశదిమ్మరులు ఎవరికోసమో ఎదురుచూస్తుంటారు, ఆ ఎవరో రారు. చేతిలో గ్లాసుతో నిలబడ్డ జనం పకపకా నవ్వుతారు. కాలేజీలో ఈ నాటకాన్ని పాఠంగా చదివి తలనొప్పి తెచ్చుకున్నవాళ్లకు, ఇది నవ్వుకోడానికి రాసిన నాటకం కూడానన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. నా మటుకు టికెట్టు డబ్బు అక్కడికే గిట్టుబాటయింది.

తర్వాత ట్రినిటీ కాలేజీ ఆవరణలోకి తీసుకెళతారు. 1592లో పెట్టిన విద్యాలయం అది. ఆస్కార్ వైల్డ్ అక్కడ చదివాడు, బెకెట్ చదివాడు, కొన్నాళ్లు పాఠాలూ చెప్పాడు. ఆ రాళ్లు పరిచిన ముంగిట్లో నిలబడి నటుడు వైల్డ్ అమెరికా ప్రయాణం చెబుతాడు. 1882లో వైల్డ్ కొలరాడోలోని లెడ్‌విల్ అనే గనుల ఊరికి ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్లాడు. వెండి గనిలోకి బక్కెట్టులో దింపి, అడుగున గని కార్మికులు విందు చేశారు. ఆ విందులో మొదటి వడ్డన విస్కీ, రెండోది విస్కీ, మూడోదీ విస్కీయేనని వైల్డే రాసుకున్నాడు. పట్టుబట్టల షోకిలా విస్కీ తాగి నిలదొక్కుకునేసరికి గనివాళ్లు ఆయన్ని తమవాడిగా ఒప్పుకున్నారట. అందులో ఎంత నిజం, ఎంత వైల్డ్ అల్లిక అనేది వేరే మాట. బాగా చెప్పిన అబద్ధాన్ని డబ్లిన్‌లో ఎవరూ తప్పుపట్టరు.

పబ్బులకు వద్దాం. అక్కడ నల్లగా, పైన మీగడలాంటి నురగతో వచ్చేది గిన్నిస్. 1759లో ఆర్థర్ గిన్నిస్ అనే ఆయన సెయింట్ జేమ్సెస్ గేట్ దగ్గర మూతబడ్డ బీరు బట్టీని ఏడాదికి 45 పౌన్ల కౌలుకు తీసుకున్నాడు, అదీ 9,000 ఏళ్లకు. అంత ధీమా ఏ వ్యాపారికైనా ఉంటుందా! గ్లాసు వంచి ముప్పాతిక నింపుతారు, పక్కన పెడతారు, లోపల గోధుమరంగు పొగలా కదిలేదంతా తేరుకున్నాక మిగతాది నింపుతారు. కంపెనీ లెక్క ప్రకారం దీనికి 119.5 సెకన్లు పట్టాలి. ఈలోగా తొందరపడి చెయ్యి చాపితే బారు వెనకాల మనిషి ఒక చూపు చూస్తాడు.

వింటున్నవాళ్లలో స్టాటిస్టిక్స్ చదివిన విద్యార్థులుంటే వాళ్లకో మాట. పరీక్షల్లో మీరు తిట్టుకుంటూ చేసే ‘స్టూడెంట్స్ టీ టెస్ట్’ పుట్టింది ఈ గిన్నిస్ కంపెనీలోనే. విలియం గాసెట్ అనే ఉద్యోగి బార్లీ నాణ్యతను కొద్దిపాటి నమూనాలతో తేల్చడానికి ఆ లెక్క కట్టాడు. అసలు పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోనందువల్ల 1908లో దాన్ని ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో అచ్చువేశాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇక అసలు కథానాయకుడు జేమ్స్ జాయిస్. పబ్బు తగలకుండా డబ్లిన్‌ను ఈ కొసనుంచి ఆ కొసకు దాటడం మంచి చిక్కుప్రశ్న అని ‘యులిసిస్’ నవలలో బ్లూమ్ అనే పాత్ర అనుకుంటాడు. 2011లో ఒక కంప్యూటర్ ప్రోగ్రామర్ పటాలు ముందేసుకుని ఆ దారి కనిపెట్టాడు కూడా. ఆ దారిన నడిచి ఏం లాభమని డబ్లిన్‌వాళ్లు అడుగుతారనుకోండి. నవల మొత్తం 1904 జూన్ 16న, ఆ ఒక్క రోజులో జరుగుతుంది. మధ్యాహ్నం బ్లూమ్ డ్యూక్ స్ట్రీట్‌లోని డేవీ బర్న్స్ అనే పబ్బులోకి వెళ్లి గోర్గన్‌జోలా జున్ను పెట్టిన సాండ్విచ్చి, ఒక గ్లాసు బర్గండీ వైను తీసుకుంటాడు. ఆ పబ్బు ఇప్పటికీ అక్కడే ఉంది, ఆ సాండ్విచ్చి ఇప్పటికీ అమ్ముతారు. పుస్తకంలో నాలుగో పేజీ దాటనివాళ్లు కూడా అది తిని వచ్చామని చెప్పుకుంటారు.

ఆ రోజును ఊరు మొదటిసారి పండగ చేసింది 1954లో. నవల కాలానికి సరిగ్గా 50 ఏళ్లని ఫ్లాన్ ఓబ్రయన్, కవి పాట్రిక్ కావనా, మరికొందరు మిత్రులు గుర్రపుబళ్లు కట్టించుకున్నారు. నవలలో చెప్పిన చోట్లన్నీ వరసగా తిరగాలనీ, పాత్రలు పంచుకుని ఆయా ఘట్టాలు చదవాలనీ పథకం. సముద్రం ఒడ్డు నుంచి బయలుదేరారు. దారిలో పబ్బులు తగిలాయి. సగం దారిలో, డ్యూక్ స్ట్రీట్‌లోనే ఉన్న బెయిలీ అనే పబ్బులో యాత్ర ముగిసింది. మిగతా సగం ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఏటా జూన్ 16న టోపీలు పెట్టుకుని, పాతకాలపు దుస్తులు వేసుకుని వేలాదిమంది చేసుకునే పండగకు మూలపురుషులు ఈ మత్తులో మునిగిన మిత్రబృందమే.

ఈ కథ గైడ్ చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. కానీ ఆ బళ్లలో కూర్చున్నవాళ్ల మిగతా కథ కూడా తెలుసుకోవాలి కదా. ఫ్లాన్ ఓబ్రయన్ ‘ఎట్ స్విమ్ టూ బర్డ్స్’ అనే అద్భుతమైన నవలను 1939లో అచ్చువేశాడు. ఆ తర్వాత పాతికేళ్లపాటు పత్రికలో కాలమ్ రాస్తూ, ప్రభుత్వోద్యోగం చేస్తూ, పోగొట్టుకుంటూ, పొద్దున్నే పబ్బు తలుపు తట్టేవాడయ్యాడు. 1966లో 54 ఏళ్లకే పోయాడు. అదే కాలపు నాటకకర్త బ్రెండన్ బీహన్ 1964లో, 41 ఏళ్లకు పోయాడు. ‘క్వేర్ ఫెలో’ నాటకంతో లోకమంతా పేరు తెచ్చుకున్న మనిషి, తాగుబోతు వేషంలోనే జనం తనను చూడాలనుకుంటున్నారని గ్రహించి ఆ వేషంలోనే ఉండిపోయాడు. హ్యారీ స్ట్రీట్‌లోని మెక్‌డేడ్స్ పబ్బులో వీళ్ల ఫొటోలు చూపించి, ఇది రచయితల అడ్డా అంటారు. నిజమే, అడ్డాయే. కాకపోతే ఆ బల్లల మీద రాసినవాటికంటే రాయకుండా పోయినవే ఎక్కువై ఉంటాయని నా అనుమానం.

కావనా సంగతి ఇంకా విచిత్రం. ఒక పత్రిక 1952లో తనను పబ్బులో కూర్చుని డాంబికాలు పోయే మనిషిగా చిత్రించిందని ఆయన పరువునష్టం దావా వేశాడు. 1954 ఫిబ్రవరిలో విచారణ జరిగింది. అంతకుముందు దేశ ప్రధానిగా చేసి, కొద్ది నెలల్లో మళ్లీ ప్రధాని కాబోతున్న జాన్ కాస్టెల్లో అవతలిపక్షం వకీలుగా నిలబడి రోజుల తరబడి కావనాను ప్రశ్నించాడు. కావనా కేసు ఓడిపోయాడు. మరుసటి ఏడు ఊపిరితిత్తుల్లో కాన్సర్‌కు ఆపరేషన్ అయింది. కోలుకుంటూ గ్రాండ్ కెనాల్ గట్టున గడ్డిలో కూర్చున్న ఆ వేసవిలో ఆయనకు కవిత్వం మళ్లీ కలిగింది. కావనా పేరు చెబితే ఇవాళ ఐరిష్‌వాళ్లు తలుచుకునే కాలువగట్టు కవితలు అప్పటివి. అంటే మెక్‌డేడ్స్ ఇవ్వలేనిది కాలువ ఇచ్చింది. ఆ గట్టున బెంచీ మీద ఆయన కంచు విగ్రహం కూర్చుని ఉంటుంది. పబ్బుల నడక అంతదాకా వెళ్లదు.

ఇంకోటి చూడండి. ఈ నడకలో పేర్లు చెప్పే మహానుభావుల్లో చాలామంది ఆ ఊళ్లో ఉండలేక వెళ్లిపోయినవాళ్లే. వైల్డ్ లండన్ వెళ్లాడు, నాటకకర్త బెర్నార్డ్ షా లండన్ వెళ్లాడు. షా అయితే జీవితంలో మందు ముట్టలేదు. బెకెట్ పారిస్‌లో స్థిరపడ్డాడు. ఆయన తొలి కథల సంపుటిని 1934లో ఐర్లండ్ నిషేధించింది. బీహన్ ఆత్మకథ ‘బోర్‌స్టల్ బాయ్’ని 1958లో నిషేధించింది. జాయిస్ 1904 అక్టోబర్‌లో ప్రియురాలు నోరా బార్నకల్‌తో పడవెక్కాడు. ఆ తర్వాత చుట్టపుచూపుగా తప్ప తిరిగిరాలేదు. ‘యులిసిస్’ 1922లో అచ్చయింది డబ్లిన్‌లో కాదు, పారిస్‌లో. 1993 వచ్చేసరికి ఐర్లండ్ పది పౌన్ల నోటు మీద జాయిస్ బొమ్మ వేసుకుంది. 2010లో యునెస్కో డబ్లిన్‌కు సాహిత్య నగరం అన్న బిరుదిచ్చింది. ఊరు వెళ్లగొట్టినవాళ్లను ఊరే టికెట్టు పెట్టి చూపిస్తోంది. ఈ మాట మన గైడే నవ్వుతూ అన్నాడు. ఆ నిజాయితీకి అతనికి మార్కులు వేయాలి.

మరి ఆడవాళ్లు? ఈ కథలన్నిటా మగవాళ్లే. పాత పబ్బుల్లో ‘స్నగ్’ అని చెక్క తలుపుతో ఒక చిన్న గది ఉంటుంది. బారులోకి తెరుచుకునే చిన్న కిటికీ దానికి. ఆడవాళ్లు, ఫాదర్లు, పోలీసులు, అంటే తాగుతూ లోకానికి కనబడకూడనివాళ్లు అక్కడ కూర్చునేవారు. బయటి బారులో ఆడవాళ్లకు చాలాచోట్ల పెద్ద గ్లాసు, అంటే పైంటు, పోసేవారు కారు. సగం గ్లాసే మర్యాద. 1970ల్లో నెల్ మెకాఫర్టీ అనే పత్రికా రచయిత్రి, ఇంకో ముప్ఫైమంది ఆడవాళ్లు ఒక పబ్బులోకి వెళ్లి తలా ఒక బ్రాందీ తెప్పించుకున్నారు. అవి అందాక ఒక పైంటు గిన్నిస్ అడిగారు. ఆడవాళ్లకు పైంటు పోసేది లేదన్నాడు బారులో మనిషి. అయితే మా లెక్క సరిగా రాలేదు, డబ్బివ్వం అని బ్రాందీలు తాగేసి లేచి వెళ్లిపోయారు. ఇలాంటి వివక్ష చట్టవిరుద్ధం కావడానికి 2000 దాకా ఆగాల్సివచ్చింది. గైడ్ ఈ కథకు పావుగంట కేటాయించాలని నా కోరిక.

ఇప్పుడు మనకు దగ్గరి సంగతి ఒకటి. 1904 జూన్‌లో, అంటే ‘యులిసిస్’ జరిగిన ఆ నెలలోనే, చేతిలో పైసా లేని జాయిస్ శాండీమౌంట్‌లో ఒక మిత్రుడి ఇంట్లో రెండు రాత్రులు తలదాచుకున్నాడు. ఆ మిత్రుడు కవి జేమ్స్ కజిన్స్. ఆయన భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్న మనిషి. ఇద్దరూ శాకాహారులు. ఆ తిండి జాయిస్‌కు పడలేదు. నవలలో జాయిస్‌కు నీడలాంటి స్టీఫెన్ తను తీర్చాల్సిన అప్పులు లెక్కపెట్టుకుంటాడు. అందులో కజిన్స్ పేరు ఉంది, పది షిల్లింగులు. ఆ దంపతులు 1915లో ఇండియాకు వచ్చారు. కజిన్స్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వచ్చి జనగణమన పాడి, దాన్ని ఇంగ్లిషులోకి అనువదించారు. ఆ పాటకు స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్. అంతకు ఆరేళ్ల ముందు, స్త్రీలకు ఓటుహక్కు కోసం డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకెళ్లిన మార్గరెట్ ఈమే. జాయిస్ బాకీపడ్డ ఇంటివాళ్లు మన మదనపల్లెకు వచ్చి జాతీయగీతం బాణీలో చెయ్యి వేశారన్నమాట. నేను విన్న గైడ్ ఇది చెప్పలేదు. నేనే చెప్పాను. తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఈ నడకలో ఇంకో లోటు ఉంది. డబ్లిన్ పబ్బుల యాత్రను ఎప్పుడో రాసిపెట్టాడు జాయిస్, ‘డబ్లినర్స్’ కథల సంపుటిలో. 1914లో అచ్చయిన పుస్తకం అది. అందులో ‘కౌంటర్‌పార్ట్స్’ అనే కథలో ఫారింగ్‌టన్ అనే గుమాస్తా ఉంటాడు. పనివేళలో సీటు వదిలి దొంగచాటుగా వెళ్లి ఒక గ్లాసు బీరు తాగి, వాసన తెలియకుండా షాజీరా గింజ నోట్లో వేసుకుని వస్తాడు. పై అధికారి నలుగురిలో తిడతాడు. సాయంత్రం గడియారం కుదువపెట్టి ఆరు షిల్లింగులు తెచ్చుకుంటాడు. డేవీ బర్న్స్‌కు వెళతాడు, ఇంకోచోటికి వెళతాడు, పూల్‌బెగ్ స్ట్రీట్‌లోని మల్లిగన్స్‌లో తేలతాడు. ఆఫీసులో తిన్న తిట్లకు తానిచ్చిన జవాబును మిత్రులకు గొప్పగా చెప్పుకుంటాడు. రౌండు మీద రౌండు కొంటాడు. ఒకరు అందరికీ కొంటే తర్వాత ఇంకొకరు కొనాలి, తన వంతు రాకముందే జారుకునేవాడికి అక్కడ పరువుండదు. డబ్బయిపోయింది. కుర్రవాడొకడితో బల్లమీద మోచెయ్యి ఆనించి బలాబలాలు చూసుకుని ఓడిపోయాడు. ఇంటికి వెళ్లాడు. పొయ్యి ఆరిపోయింది. ఆ కోపమంతా కర్ర తీసుకుని చిన్న కొడుకు మీద చూపించాడు. కొట్టకు నాన్నా, నీ కోసం మేరీమాతకు ప్రార్థన చేస్తానని ఆ పిల్లవాడు ఏడుస్తుండగా కథ అయిపోతుంది.

డేవీ బర్న్స్ ఇప్పటికీ ఉంది, మల్లిగన్స్ ఇప్పటికీ ఉంది. రెంటినీ చూపిస్తారు. ఆ కథలో చివరి మజిలీ, ఆ ఇల్లు, ఏ నడకలోనూ లేదు. సరదాగా గడపడానికి వచ్చినవాళ్లను అక్కడికి తీసుకెళ్లి నిలబెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు, వ్యాపారం సాగదు. ఒప్పుకుంటాను. కానీ రెండుంబావు గంటల్లో రెండు నిమిషాలు ఆ పిల్లవాడికి ఇస్తే నడక చెడిపోదనీ, నిజానికి అప్పుడే అది జాయిస్‌కు తగిన నడక అవుతుందనీ నా తీర్పు.

అలాగని వెళ్లొద్దనడం లేదు. యూరప్ నగరాల్లో నేను చూసిన గైడ్ నడకల్లో రాజుల తేదీలు వల్లెవేయకుండా, పుస్తకాలను నోటితో పలికించింది ఇదొక్కటే. చివర్లో చిన్న క్విజ్ పెడతారు, దారిలో చెప్పినవాటిలోంచే ప్రశ్నలు. గెలిస్తే టీషర్టు ఇస్తారు. మందు తాగనక్కర్లేదు కూడా. నిమ్మరసం సోడా అడిగితే ఎవరూ వింతగా చూడరు. 2004 మార్చి నుంచి పబ్బుల్లో పొగతాగడం నిషేధం, దేశమంతటా అలా నిషేధించిన మొదటి దేశం ఐర్లండే. కాబట్టి ఉబ్బసం ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా వెళ్లొచ్చు. చలికాలమైతే గొడుగు, స్వెట్టరు తీసుకెళ్లండి. ఎండాకాలమైనా గొడుగు తీసుకెళ్లండి, అది డబ్లిన్.

మన తెలుగు పిల్లలు ఎంతోమంది ఇవాళ డబ్లిన్‌లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్లను చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకు నా విన్నపం ఇదే. విమానం ఎక్కేముందు ‘డబ్లినర్స్’ కథలు చదవండి, కనీసం ఆ ఒక్క కథ. ‘యులిసిస్’ తర్వాత చూసుకోవచ్చు. ఒక సాయంత్రం పిల్లలతో కలిసి ఆ నడకకు వెళ్లండి. మర్నాడు పొద్దున గ్రాండ్ కెనాల్ గట్టుదాకా వెళ్లి కావనా పక్కన కాసేపు కూర్చోండి, దానికి టికెట్టు లేదు. పబ్బులో గైడ్ కాస్త ఖాళీగా కనిపిస్తే మదనపల్లె సంగతి మీరూ చెప్పండి. పదిమంది చెబితే పదకొండోసారి అతనే చెబుతాడు.